తలుపుకి ఎదురు కుర్చీ

"మధ్యాహ్నం భోజనాల దాకా టైమిచ్చాను. అదైనా క్లబ్బు యజమాని బతిమాలాడని," అన్నాడు సార్జంట్ ట్రాస్క్. "ఆ తర్వాత ఆ పిల్లని జైలుకి పంపిస్తాను. నువ్వు ఇంటికెళ్లి నీ పిల్లికి పాలు పోసుకో."

ప్రైవేటు డిటెక్టివు లోర్నా జువిచ్ వినిపించుకోలేదు. ఆమె వంటగదికి పోయే ఇరుకు నడవాలో గొంతుక్కూర్చుని గోడ చూస్తోంది. నడవా చివర గోడకి బిగించిన టెలిఫోను ఉంది. పొద్దున ఆరున్నర ప్రాంతంలో డ్వైట్ కింబ్రెల్ అనే ఆటగాడు ఆ ఫోను దగ్గరే చచ్చిపడి ఉన్నాడు. ఫోను తీగే మెడకు బిగిసి ఉంది. శవాన్ని మొదట చూసింది లిన్. ఈ పేకాట క్లబ్బులో ముక్కలు పంచే డీలరు. చూసిన పాపానికి ఇప్పుడామె ఆఫీసు గదిలో పోలీసు కాపలాలో కూర్చుని ఉంది.

"గోడకేమైనా మాటలొచ్చాయా?" అన్నాడు ట్రాస్క్.

"వచ్చాయి. మీరడగలేదు."

ఏళ్ల తరబడి వంటగది నూనె పొగ పట్టి ఆ గోడ జిడ్డుగా నల్లబడి ఉంది. ఆ జిడ్డు మీద నడుమెత్తున ఒక గీత. ఎవరో రెండు వేళ్లు ఆనించి హాలు తలుపు దగ్గర్నుంచి ఫోను దాకా నడిచారు. మళ్లీ ఎదురు గోడ మీద ఫోను దగ్గర్నుంచి హాలు దాకా ఇంకో గీత. రెండూ ఎక్కడా తెగలేదు.

"చచ్చేవాడు కొట్టుకున్నప్పుడు పడి ఉంటుంది," అన్నాడు ట్రాస్క్.

"కొట్టుకునేవాడు ఇంత తిన్నగా గీస్తాడా? పైగా చచ్చినవాడు వెనక్కి నడిచి రాడు కదా."

"బల్బు మాడిపోయింది. చీకట్లో ఎవరైనా గోడ పట్టుకునే నడుస్తారు."

"వంటగది తలుపు తూర్పుకి ఉంది. పొద్దున్నించీ తీసే ఉంది. ఇక్కడ చీకటెక్కడ? మీ ఎడమ బూటు లేసు ఊడిపోవడం కూడా నాకు కనిపిస్తోంది."

ట్రాస్క్ కిందికి చూశాడు. లేసు నిజంగానే ఊడి ఉంది. కట్టుకోవడానికి వంగితే చిన్నతనం అనుకున్నాడేమో, అలాగే నిలబడ్డాడు.

"నీకో సంగతి చెప్పనా జువిచ్? నిన్న సాయంత్రం ఓడిపోయిన కోపంలో కింబ్రెల్ ఆ డీలరు మొహాన ముక్కలు విసిరాడు. దాన్ని పనిలోంచి తీసేయమని గొడవ చేశాడు. హాలు మొత్తం చూసింది. పొద్దున అతను ఫోనుకి వెళ్లాడు. కాసేపటికి అది టీ తాగే విరామానికి లేచి ఈ నడవాలోకే వచ్చింది. శవం పక్కన దాని యూనిఫాం మెడ టై, ఆ నల్ల బో, దొరికింది. నీ గోడ గీతలతో నా ఈ నాలుగు ముక్కలూ కొడతావా?"

"అతని మెడకున్న తీగ విప్పబోతే ఆ బో ఊడిందని ఆమె చెప్పింది."

"జైల్లో అందరూ ఏదో ఒకటి విప్పబోయినవాళ్లే," అన్నాడు ట్రాస్క్. తన మాటకి తానే నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

అతనితో వాదించే ఓపిక లోర్నాకి లేదు. గార్డెనా ఊళ్లో ఈ క్లబ్బు గడప ఆఖరిసారి తొక్కి ఆమెకి ఆరేళ్లయింది. ఒకప్పుడు ఇక్కడే జీతానికి ఆడేది. బల్ల దగ్గర మనుషులు తగ్గితే ఆట ఆగిపోతుంది, ఆట ఆగితే క్లబ్బుకి నష్టం. అందుకని ఖాళీ కుర్చీల్లో కూర్చోవడానికి క్లబ్బే కొందరిని పెట్టుకుంటుంది. ఆ జీతగాళ్లలో అందరికంటే పాతవాడు ఏబెల్ రస్క్. లోర్నాకి ఆట నేర్పింది అతనే. ఈ పొద్దున యజమాని డిటెక్టివు కోసం వెతుకుతుంటే ఆమె పేరు చెప్పింది కూడా అతనే. వచ్చీరాగానే కాఫీ చేతిలో పెట్టి, "ఆ పిల్ల లిన్ కోపిష్ఠిది కాదు. కానీ మనిషి ఎంతకని ఓర్చుకుంటాడు చెప్పు," అన్నాడు. ఆ మాట వినడానికి జాలిగానే ఉంది.

ఆఫీసు గదిలోకి లోర్నా అడుగుపెట్టగానే లిన్ రెండు అరచేతులూ పైకెత్తి ఇటూ అటూ తిప్పి చూపించింది. బల్ల దగ్గర్నుంచి లేచేటప్పుడు డీలర్లంతా అలాగే చేస్తారు, చేతుల్లో ఏమీ దాచలేదని. ఏళ్ల అలవాటు, భయంలో దానంతటదే వచ్చేసింది. గుమ్మంలో ఉన్న కానిస్టేబులు మాత్రం ముసిముసిగా నవ్వాడు.

"పొద్దున ఆ బల్ల దగ్గర ఎవరెవరున్నారు?" అంది లోర్నా.

"నలుగురు మేడమ్. కింబ్రెల్ గారు, రస్క్ గారు, హొవ్‌సెప్ గారు, ముసలావిడ ఒడా గారు. కింబ్రెల్ గారు ఫోను చేసుకొస్తానని లేచారు. కాసేపటికి రస్క్ గారూ లేచారు."

"రస్క్ కదల్లేదంటున్నాడు."

"లేచారు మేడమ్. నేను ఇద్దరికే పంచాను."

"ఒడా గారేమంటోంది?"

"ఆవిడకి ఎనభై దాటాయి. ముక్కలు తప్ప మనుషుల్ని చూడదు. ఎవరున్నారో గుర్తులేదందట."

"మరి హొవ్‌సెప్?"

"రస్క్ గారు ఉన్నానంటున్నారు కదా, ఉండే ఉంటారు అన్నాడట." లిన్ చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఇక్కడ ఆయన మాటే నెగ్గుతుంది మేడమ్. నేను కాపలా పోలీసుకి కూడా చెప్పాను. రాసుకోలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. అదే లోర్నాకి ఒళ్లు మండించింది. "నీ మెడకి చుట్టుకుంటోందని ఆ ముసలాయన మీదికి తోస్తావా? నీకు వేరే పేరే దొరకలేదా?"

లిన్ తలెత్తి చూసింది. "తోసేదాన్నైతే, మీకు ఇష్టం లేనివాళ్ల పేరు చెప్పేదాన్ని కదా మేడమ్," అంది.

లోర్నా బయటికొచ్చింది. ఆ గదిలోంచి వస్తూ తలుపు గట్టిగా వేసినందుకు తన మీద తనకే చిరాకేసింది.

హొవ్‌సెప్ మనూకియన్ క్లబ్బు హోటల్లో గుడ్ల పళ్లెం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు. చెప్పులు కుట్టే కొట్టుంది అతనికి. పగలంతా అక్కడ సంపాదించింది ఇక్కడ పోగొట్టుకోవడమే పని. నిన్న మధ్యాహ్నం నుంచి ఈ పొద్దుటిదాకా లేవకుండా ఆడాడట. హత్య గురించి అడిగితే చేత్తో ఈగను తోలినట్టు తోలేశాడు.

"హత్య సంగతి పోలీసులు చూసుకుంటారమ్మా. నాకు జరిగింది ఎవరు చూస్తారు? కూర్చో, చెప్తాను."

ఓడిపోయిన ఆట కథ చెప్పే పేకాటరాయుడి నుంచి తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. లోర్నా కాఫీ చెప్పి కూర్చుంది.

"మూడు రాణులు పడ్డాయి నాకు. మూడు! ఆ ముసలావిడ ముందు ఏముంది? కింద, బల్ల మధ్యన అందరికీ ఉమ్మడిగా తిప్పిన ముక్కల్లో, ఇస్పేట్లు పరుచుకుని ఉన్నాయి, ఆవిడ చేతిలో ఇంకో రెండు ఇస్పేట్లు, అయిదూ కలిస్తే నా రాణులు చిత్తు. నాకేం తెలుసు? నాలుగో ముక్క తిప్పగానే పందెం వేశాను. ఆవిడ పెంచింది. నేను పెంచాను. ఆవిడ పెంచింది. నేనూరుకుంటానా?"

"కళావర్లు కదూ కింద పడ్డవి?"

"కళావర్లేంటి! ఇస్పేట్లు. కళ్లు మూసుకున్నా అవే కనిపిస్తున్నాయి."

లోర్నా కాఫీ కప్పు కింద పెట్టింది. పొద్దున ఏబెల్ చెప్పిన మాటలు ఆమెకి అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఆ పెద్ద ఆటలో నేనూ ఉన్నాను పిల్లా, అన్నాడు. డీలరు బిళ్ల నా ముందే ఉంది, అంటే ఆఖరి మాట నాదే, ఆసూ ఏడూ పడ్డాయి, పెంచాను, ఇద్దరూ వచ్చారు. ఆఖరి ముక్క దాకా కట్టుకుంటూ పోయాను. కింద అన్నీ కళావర్లే, నాకొక్కటీ తగల్లేదు. అంత వివరంగా చెప్పినవాడు అక్కడ లేడని ఎవరనుకుంటారు?

"ఎన్నిసార్లు పెంచుకున్నారు మీరిద్దరూ?" అంది.

"లెక్కెవడు పెట్టాడమ్మా. ఏడో ఎనిమిదో. నా ముందున్న పందెపు బిళ్లలు, ఆ చిప్స్ అన్నీ అయిపోయే దాకా. ఆ లిన్ ఆపనన్నా ఆపలేదు. ఆపుంటే సగమైనా మిగిలేవి. దాన్ని జైల్లో పెట్టాల్సిందే, ఇందుకైనా."

లిమిట్ పోకర్‌లో పందెం ఇష్టమొచ్చినంత వేయడానికి లేదు. ఎంత వేయాలో ముందే కట్టేసి ఉంటుంది. దాన్ని మూడుసార్లు పెంచాక డీలరు చెయ్యి అడ్డం పెట్టి ఆపేస్తాడు. లేకపోతే ఇద్దరు కూడబలుక్కుని, మధ్యలో ఇరుక్కున్న మూడోవాణ్ణి ఎడాపెడా పిండేస్తారు. ఆ ఆపడం మూడోవాడి కోసమే. పందెంలో ఇద్దరే ఉంటే ఆపడానికి డీలరుకి హక్కే లేదు, ఎంతసేపైనా పెంచుకోవచ్చు. లిన్ ఆపలేదు. అంటే ఆఖరి ముక్క దాకా కట్టుకుంటూ పోయానన్న ఏబెల్ ఆ ఆటలో లేడు.

"తాతా," అంది మెల్లగా, "ముగ్గురుంటే ఎన్నిసార్లు పెంచనిస్తారు?"

"మూడు..." అని హొవ్‌సెప్ ఆగిపోయాడు. చేతిలో ఫోర్కు అలాగే ఉంది. ముఖంలో నిద్రమత్తంతా ఒక్కసారిగా దిగిపోయింది.

"ఆ సీట్లో రస్క్ ఉన్నాడా, లేక ఒట్టి ఆయన చిప్సే ఉన్నాయా?"

"నేనేమీ అనలేదు. నా నోట్లో మాటలు పెట్టకు."

"లిన్ జైలుకి పోతుంది తాతా."

"ఏబెల్ మంచివాడు," అన్నాడు హొవ్‌సెప్. "మా ఆవిడ పోయినప్పుడు శవపేటిక మోశాడు. నేను నిద్రలో ఉన్నానమ్మా, నాకేం గుర్తులేదు. కోర్టుకి పిలిచినా ఇదే చెప్తాను." గుడ్ల పళ్లెం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టాడు.

లోర్నా లేచింది. మనసంతా చేదెక్కిపోయింది. ఏబెల్ 'ఆ ఆటలో నేను ముక్కలు పడేసి తప్పుకున్నాను' అని ఒక్క మాట అనుంటే అతన్ని ఎవరూ ఏమీ చేయలేకపోయేవారు. కానీ ఆ ఒక్క మాటే అతని నోట రాదని ఆమెకి తెలుసు. తొమ్మిది మంది ఉన్న బల్ల మీద మంచి ముక్కల కోసం ఎదురుచూడొచ్చు, ముగ్గురు నలుగురున్న బల్ల మీద ఎదురుచూసేవాడు తుడిచిపెట్టుకుపోతాడని ఆమెకి చెప్పింది అతనే. మనుషులు తక్కువైన కొద్దీ, ముక్కలు చూడకముందే వంతు ప్రకారం కట్టక తప్పని పందెం గిర్రున తిరిగి మనకే వస్తుంది. కాబట్టి మామూలు ముక్కలతో కూడా ముందుకు దూకాలి, పెంచాలి, మన పందేన్ని వాళ్లకి ఊరికే వదలకూడదు. డీలరు బిళ్ల ముందుండగా, ఆసు చేతిలో ఉండగా, ముగ్గురే ఉన్న బల్ల మీద ఏబెల్ రస్క్ ముక్కలు పడేశాడని చెప్పుకోవడమా? ఉరితాడు తప్పించుకోవడానికైనా చెప్పుకోలేడు. అందుకే తాను లేని ఆటలో తనని ఆడించుకున్నాడు.

ఆ కళావర్లు కూడా అబద్ధం కాదు. తిరిగొచ్చి కూర్చుని, బల్ల మీద పరిచి ఉన్న ముక్కల్ని తన కళ్లతో చూసి చెప్పాడు. ఇస్పేటునీ కళావరునీ పోల్చుకోలేని కళ్లవి. పట్టపగలు నడవాలో గోడ పట్టుకుని నడిచిన వేళ్లు ఎవరివో ఆమెకి అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

కానీ చేతిలో ఏముంది? హొవ్‌సెప్ నోరు విప్పడు. లిన్ మాట ఎవరికీ పట్టదు. గోడ మీద గీత కోర్టుకి రాదు.

హాల్లో ఆ బల్ల చుట్టూ పోలీసులు తాడు కట్టారు. మిగతా బల్లలన్నీ ఖాళీ. ఏబెల్ రస్క్ తాడు దాటి లోపల, తన కుర్చీలోనే కూర్చున్నాడు. ఎప్పుడూ అదే కుర్చీ, తలుపుకి సరిగ్గా ఎదురు. వచ్చేవాడు మనల్ని చూసే లోపల మనం వాణ్ణి చూడాలి పిల్లా, అనేవాడు. బల్ల మీద పెద్ద దీపం వేలాడుతోంది. తెల్ల చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. డెబ్భై దాటినా మనిషి ఇంకా నిటారుగానే ఉన్నాడు.

లోర్నా డీలరు కూర్చునే చోట కూర్చుంది. పేక విప్పి కలిపింది.

"ఏంటి, నాతో ఆడతావా?" అన్నాడు.

"చాలా రోజులైంది కదా." ఆమె అయిదు ముక్కలు తిప్పి బల్ల మధ్యన పరిచింది. "చదవండి."

"నాకు పరీక్షా?"

"చదవండి ఏబెల్."

అతను ముందుకి వంగాడు. వంగుతున్నట్టు కనిపించకుండా వంగడం బాగా సాధన చేశాడు. "రాణి, తొమ్మిది, నాలుగు... కళావర్లు. మిగతా రెండూ ఆటీన్లు."

"మొదటి మూడూ ఇస్పేట్లు."

ఏబెల్ వెనక్కి వాలాడు. కాసేపు దీపం వైపు చూశాడు. అతని ముఖంలో భయం కాదు, చాలా అలిసిపోయిన ఒక చిరాకు కనిపించింది.

"డ్వైట్ కింబ్రెల్ కూడా ఇలాగే చెప్పాడు," అన్నాడు. "వెక్కిరించి ఉంటే బాధ ఉండేది కాదు. జాలిపడ్డాడు వెధవ. నీకు నెల రోజులుగా ముక్కలు కనిపించట్లేదు రస్క్, ఊరికే అంచనా మీద లాగుతున్నావు, నీ మంచికే యజమానికి ఫోను చేస్తాను, అన్నాడు. నా మంచికట."

"చేస్తే ఏమయ్యేది?"

"ఇంటికి పంపేవాళ్లు. ఏ ఇంటికి? అద్దె గది అది. నాకు ఈ కుర్చీ తప్ప ఇంకేం ఉంది పిల్లా?"

అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ గదికి తను వెళ్లింది, ఒక మంచం, ఒక రేడియో. లోర్నాకి అతని మీద జాలి కలిగింది. ఆ జాలి వెనకే, ఆఫీసు గదిలో అరచేతులు తిప్పి చూపించిన లిన్ గుర్తొచ్చింది.

"మరి లిన్‌కేం ఉంది?"

"ఆ పిల్ల నడవాలోకి వస్తుందని నాకేం తెలుసు? వచ్చింది. దాని ఖర్మ." ఏబెల్ భుజాలు ఎగరేశాడు. "ముగ్గురున్న బల్ల మీద ఎవరో ఒకరు పోవాలి. నేను పోనా, చెప్పు?"

"యజమానికి నా పేరెందుకు చెప్పారు?"

అతను నవ్వాడు. పళ్లన్నీ కనిపించేలా, పాత రోజుల్లోలాగే నవ్వాడు. "ఇంకెవడొచ్చినా నా వైపు చూసేవాడు. నువ్వు చూడవు. ఎవరి ముందూ ముక్కలు పడేయని దానివి, నేను పెంచితే మాత్రం పడేసేదానివి. ఎన్నేళ్లు ఆడాం? ఒక్కసారైనా నా మీద పెంచావా?"

ఆ మాట ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. మోసపోయినందుకు కాదు. అది నిజమైనందుకు.

అప్పుడే హాలు తలుపు తెరుచుకుంది. ట్రాస్క్ వచ్చాడు. భోజనాల వేళయింది, ఆమెని పంపేయడానికి వచ్చి ఉంటాడు. మందపాటి తివాచీ మీద అడుగుల చప్పుడు లేదు. బల్ల దగ్గరి మాటలు వినబడి గుమ్మంలోనే ఆగిపోయాడు, టోపీ చేతిలో పట్టుకుని. దాచుకోలేదు. దాచుకోవాల్సిన అవసరం కూడా లేకుండా ఏబెల్‌కి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు.

ఏబెల్ కళ్లు అటే ఉన్నాయి. ట్రాస్క్ మీదే ఉన్నాయి.

"హొవ్‌సెప్ చెప్పడు," అన్నాడు ఏబెల్ తాపీగా. "లిన్ చెప్పినా వినరు. ఇక్కడున్నది మనిద్దరమే. నీ చేతిలో ఏం లేదు పిల్లా. ఎప్పట్లాగే పడేసి ఇంటికెళ్లు."

ట్రాస్క్ ఉన్నాడని ఒక్క మాట చెబితే చాలు, ఏబెల్ నోరు మూసుకుంటాడు. తనకి అన్నం పెట్టిన విద్య నేర్పిన మనిషి. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

"తీగ ముందే చేతిలోకి తీసుకున్నారా, మాట్లాడాక తీసుకున్నారా?" అంది లోర్నా.

"మాట్లాడాకే. నాకు వీపు చూపించి నంబరు తిప్పుతున్నాడు. తీగ కిందికి వేలాడుతోంది. నాకు కనిపించలేదు, చేతికి తగిలింది." ఏబెల్ తన అరచేయి చూసుకున్నాడు. "అతను ఎక్కువసేపు పెనుగులాడలేదు. తిరిగొచ్చేసరికి హొవ్‌సెప్ తన రాణుల గురించి ఏడుస్తున్నాడు. ఎవడూ నా వైపు చూడలేదు."

గుమ్మంలో ట్రాస్క్ గొంతు సవరించుకున్నాడు.

ఏబెల్ రస్క్ ఉలిక్కిపడి తలెత్తాడు. తలుపు వైపు, తాను ఇంతసేపూ చూస్తూనే ఉన్న వైపు, కళ్లు చికిలించి చూశాడు.

"ఎవరది?" అన్నాడు.

"సార్జంట్ ట్రాస్క్," అంది లోర్నా. "కాసేపటి నుంచి అక్కడే ఉన్నాడు."

ఏబెల్ కుర్చీ చేతులు పట్టుకున్నాడు. "నువ్వు చూశావు," అన్నాడు. "చూసి కూడా చెప్పలేదు."

"చెప్పలేదు."

ట్రాస్క్ బల్ల దగ్గరికొచ్చి సంకెళ్లు తీశాడు. లోర్నా వైపు చూడలేదు, వెక్కిరించనూ లేదు. అతని బూటు లేసు ఇంకా ఊడే ఉంది. ఏబెల్ లేవబోతూ బల్ల అంచు కోసం చేత్తో తడుముకున్నాడు. ఆమె చేయి ముందుకు చాచింది కానీ అతను పట్టుకోలేదు. కనిపించలేదో, కనిపించినా వద్దనుకున్నాడో ఆమెకి ఎప్పటికీ తెలియదు.

వాళ్లు వెళ్లాక లోర్నా అయిదు ముక్కలూ పోగుచేసి పేకలో కలిపేసింది. లేచేముందు డీలర్లు చేసినట్టే తన రెండు అరచేతులూ ఒకసారి తిప్పి చూసుకుంది. తర్వాత లిన్‌తో ఏం మాట్లాడాలో తెలియకుండానే ఆఫీసు గది వైపు నడిచింది.